ఆదా అయిన తొమ్మిది నిమిషాలు

రంగనాయకి మేడమ్ ఫోన్ చేసినప్పుడే కుక్కర్ రెండో విజిల్ వేసింది.

"ప్రసూనా, తేట గెలిచిందమ్మా! డెల్టాలో ఉన్న కాలువ లాకులన్నిటికీ దాన్నే తీసుకుంటున్నారు. ఆర్డరులో నీ నివేదిక గురించి రెండు వాక్యాలు రాశారు, తెలుసా?"

గరిటె చేత్తో పట్టుకునే హాల్లోకి పరుగెత్తాను. సోఫాలో పేపరు చదువుతున్న ఆయన తల ఎత్తకుండానే, "రెండు. ఇంకొకటి రావాలి" అన్నారు. విజిల్స్ లెక్కపెట్టడం ఆయన పని. పెళ్ళయిన మూడో రోజున నేను లెక్క మరిచిపోయి పప్పు మాడ్చాను. అప్పటినుంచి అది ఆయన శాఖ.

"తేట గెలిచింది!" అన్నాను.

"ఎవరా తేట? మీ చుట్టాలమ్మాయా?"

"మా భాషండీ బాబూ!"

ఆయన లేచి గరిటె లాక్కుని మైకులా పట్టుకుని, "కాకినాడ ప్రజలారా, ఈ గరిటె యజమానురాలు ఈ రోజు..." అని మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ నాకు ఎక్కిళ్ళొచ్చాయి. మూడో విజిల్ ఎవరూ వినలేదు. పప్పు మళ్ళీ మాడింది. మాడిన పప్పే ఆవకాయతో కలుపుకుని తిన్నాం. మా పిన్ని పేర్లు చెక్కించి ఇచ్చిన స్టీలు గ్లాసుల్లో, నా పేరున్న దాంట్లో ఆయన, ఆయన పేరున్న దాంట్లో నేను మజ్జిగ తాగాం. ఆ రోజు నాకు ఏదీ తక్కువగా అనిపించలేదు.

మాది కాకినాడలో రంగనాయకి మేడమ్ నడిపే ఒక చిన్న ప్రయోగశాల. కంప్యూటరుకి పని చెప్పే కొత్త భాషలు మా దగ్గరికి పరీక్షకి వస్తాయి. భాష ఒక్కటే ఉంటే చాలదు, అందులో చెప్పినదాన్ని యంత్రం చేయగలిగే పనిగా మార్చే కంపైలర్ కావాలి. ఒకే భాషకి ఇద్దరు ముగ్గురు వేరువేరుగా కంపైలర్లు రాసుకొస్తారు. ఏది సరిగ్గా మారుస్తోంది, ఏది చురుగ్గా మారుస్తోంది, తప్పు వస్తే ఏది మనిషికి అర్థమయ్యేలా చెబుతోంది అని చూసి మార్కులు వేస్తాం.

తేట అంతకుముందు వచ్చినవాటిలాంటిది కాదు. దానికి గుర్తులూ బ్రాకెట్లూ అక్కర్లేదు. పని తెలిసిన మనిషి మైకు ముందు కూర్చుని, తన యాసలో, తను రోజూ ఆ పని ఎలా చేస్తాడో చెప్పుకుంటూ పోతే చాలు. ఆ చెప్పిందే ప్రోగ్రాము. దాన్ని పరీక్షించడానికి చదువుకున్న ప్రోగ్రామర్లు పనికిరారు. అందుకే గోదావరి కాలువ మీద ముప్పై నాలుగేళ్ళుగా లస్కరుగా పనిచేస్తున్న నూకరాజు గారిని పిలిపించారు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని.

ఆయన వచ్చిన రోజుకి నా పెళ్ళయి పదహారు రోజులు. చేతులకి గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. అది చూసి, "కొత్త పెళ్ళికూతురాండి? మా ఊరి పూలు తెచ్చుండేవాణ్ణే" అన్నారు. ఇస్త్రీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నారు.

"ఏం చెప్పమంటారండి?"

"మీరు రోజూ చేసేదే బాబాయ్ గారూ. ఒక్కటి కూడా వదలకుండా."

"ఒక్కటీ వదలకుండానా? బీడీతో సహానాండి?"

"బీడీతో సహా."

నలభై నిమిషాలు చెప్పారు. లేవగానే సూర్యుడికి దండం పెట్టుకోవడం, గట్టు మీద కుక్కని అదిలించడం ("అది నా మాట వినదండి, అయినా అదిలిస్తానండి"), నీళ్ళ కొలబద్ద చూడడం, పైలాకు నుంచి వచ్చిన ఫోన్ మాట పుస్తకంలో రాయడం, అన్నీ.

"అప్పుడు బూర ఊదుతానండి. మూడుసార్లు. మా నాన్నదండి ఆ బూర. ఊదేసి వరహాలమ్మ గారి రేవు దాకా నడిచెళ్ళి, ఎవరూ నీళ్ళలో లేరని చూసొచ్చి, అప్పుడు చక్రం కళ్ళకద్దుకుని తిప్పుతానండి."

"బూర ఎలా ఊదుతారు?" అని అడిగాను. అది పరీక్షకి అవసరం లేదు. నాకే వినాలనిపించింది. ఆయన రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని బుగ్గలు పూరించి ఊదారు. పక్క గదిలోంచి జనం వచ్చి చూశారు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. రికార్డింగులో ఆ నవ్వు ఉంది.

తేటకి వచ్చిన కంపైలర్లు మూడు. మొదటిది ఆయన యాస దగ్గరే బోల్తా పడింది. రెండోది పని పూర్తి చేసింది కానీ అరవై ఒక్క ప్రశ్నలు అడిగింది. నలభయ్యో ప్రశ్న దాకా ఓపిగ్గా జవాబులిచ్చి, మిగతావాటికి 'తర్వాత చెబుతాను' అని కొట్టుకుంటూ పోయాను. వ్యాఖ్యల్లో 'అనవసరపు ప్రశ్నలతో విసిగిస్తుంది' అని రాసి, పదికి నాలుగు వేశాను.

మూడోదాని పేరు వడపోత. కన్ను మూసి తెరిచేలోగా పని ముగించింది. దానికొక నియమం ఉంది: ఒక పని చేశాక దాని ఫలితాన్ని ఆ తర్వాతి పనుల్లో ఏదీ వాడుకోకపోతే, ఆ పని వృథా కింద లెక్క, తీసేయవచ్చు. ఇందులో కొత్తేమీ లేదు, మంచి కంపైలర్లన్నీ ఎప్పటినుంచో చేస్తున్నదే. తీసేసిన ప్రతిదానికీ ఒక గమనిక చూపిస్తుంది. ఆ రోజు నలభై మూడు గమనికలు చూపించింది. మా ప్రయోగశాల నియమం ప్రకారం పరీక్షకులు ప్రతి గమనికా చదివి, కింద 'చదివాను' అని సంతకం పెట్టాలి.

పన్నెండు చదివాను. 'సూర్యుడికి దండం: ఫలితం వాడలేదు, తీసేశాను.' 'కుక్కని అదిలించడం: తీసేశాను.' 'బీడీ: తీసేశాను.' నవ్వుకుంటూ చదువుతుంటే ఫోన్ మోగింది.

"కింద గేటు దగ్గరున్నాను. పునుగులు తెచ్చాను. చట్నీ విడిగా కట్టించాను, మెత్తబడకుండా. నువ్వు రాకపోతే రెండు నిమిషాల్లో వాచ్‌మన్ నేనూ తినేస్తాం" అన్నారు ఆయన.

వడపోతకి 'నిశ్శబ్దం' అని ఒక మీట ఉంది. నొక్కితే గమనికలు చూపించదు. నొక్కి మళ్ళీ నడిపించాను. తెర తేటగా వచ్చింది: గమనికలు సున్నా. తెర మీది బొమ్మ లాకులో తలుపులు ఎంత ఎత్తాలో అంతే ఎత్తాయి. పైలాకు నుంచి మాట వచ్చాక చేత్తో ఇరవై ఆరు నిమిషాలు పట్టే పని పదిహేడు నిమిషాల్లో అయింది. 'తొమ్మిది నిమిషాల ఆదా' అని పెద్దక్షరాల్లో రాశాను. 'చదివాను' దగ్గర సంతకం పెట్టాను. పెళ్ళయ్యాక కొత్తగా నేర్చుకున్న సంతకం, ఇంటిపేరు మార్చి. రెండుసార్లు రాసి చూసుకుని ముచ్చటపడి మరీ పెట్టాను.

బీచ్ రోడ్డు మీద స్కూటరు ఆపి పునుగులు తిన్నాం. ఆయన ముక్కు మీద చట్నీ అంటితే చెప్పకుండా పావుగంట చూస్తూ కూర్చున్నాను. నా జీవితంలో మంచి సాయంత్రాలు లెక్కపెట్టమంటే మొదటి వేలికి అదే వస్తుంది.

శుభవార్త వచ్చిన మూడు వారాలకి నూకరాజు గారి లాకు దగ్గరే, వడపోత మార్చిన ప్రోగ్రాముతో నడిచే మొదటి యంత్రం పెట్టారు. ప్రారంభోత్సవం రోజున ఆయన బూరని అద్దాల పెట్టెలో పెట్టి, ఆఫీసు గోడకి తగిలించి, కింద పాత పద్ధతి అని చీటీ అంటించారు. ఆ ఫోటో మేడమ్ మాకు గ్రూపులో పంపితే నేను చప్పట్ల బొమ్మ పెట్టాను.

నాలుగో రోజు పొలాలకి వంతు నీళ్ళు వదిలారు. బూర మోగలేదు. రేవులో మోకాలి లోతు నీళ్ళలో అంట్లు తోముకుంటున్న వరహాలమ్మ గారు వరద తోసుకొస్తే మెట్ల మీద పడ్డారు. తుంటి ఎముక విరిగింది. గట్టు మీద ఎవరో చీర కొంగు అందుకోబట్టి బతికారు.

మర్నాడు మేడమ్ నన్ను గదిలోకి పిలిచారు. "లస్కరు బూర సంగతి యంత్రానికి చెప్పలేదంటున్నారు. ప్రోగ్రాము అచ్చు తీస్తే అందులో బూర లేదు. మనవైపు ఏ పొరపాటూ లేదు కదా?"

"చూసి చెబుతాను మేడమ్."

నా గదికి వెళ్ళి, నిశ్శబ్దం మీట తీసి, పాత పరీక్షని మళ్ళీ నడిపించాను. గమనికలు ఒక్కొక్కటే దిగాయి. ముప్పై ఒకటోది: 'బూర, మూడుసార్లు: ఈ శబ్దాన్ని తర్వాతి పనులేవీ వాడుకోలేదు, తీసేశాను.' ముప్పై రెండు: 'రేవు దాకా నడక: తీసేశాను.' ముప్పై మూడు: 'రేవు చూడడం: తీసేశాను.' బూరకి ఒక నిమిషం. వెళ్ళి రావడానికి, చూడడానికి ఎనిమిది. నేను పెద్దక్షరాల్లో రాసిన తొమ్మిది నిమిషాలు అవే.

శబ్దాన్ని తలుపులు వాడుకోవు, కొలబద్దా వాడుకోదు. వాడుకునే మనిషి రేవులో ఉంది. నా తెర మీద రేవు లేదు.

మేడమ్ గదికి వెళ్ళి, "మనవైపు ఏం లేదు మేడమ్" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎంత మామూలుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మేడమ్ ఆ మాటే రాసి పంపారు. ప్రయోగశాల ధ్రువీకరించింది కాబట్టి తప్పు లస్కరుదేనని ఆయన్ని విధుల్లోంచి తప్పించారు. విచారణకి తారీఖు వేశారు.

ఇంట్లో నవ్వుతూనే ఉన్నాను. ఆయన కొత్తగా ఉల్లికాడల కూర నేర్చుకుంటే మెచ్చుకున్నాను. విజిల్ వేసినప్పుడల్లా మాత్రం చేతిలోది కింద పెట్టేసేదాన్ని. కుక్కర్‌లో పప్పు ఉడకడానికి విజిల్ అక్కర్లేదు. అది పక్కగదిలో పేపరు చదివే మనిషి కోసం.

ఈ రోజు ఆయనకి చెప్పకుండా సెలవు పెట్టి ఆ ఊరు వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను.

నూకరాజు గారు ఇంటి అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. "రండమ్మా రండి. ఇంత దూరం మీరెందుకండీ, కబురంపితే నేనే వచ్చేవాణ్ణి కదండి."

"ఎలా ఉన్నారు బాబాయ్ గారూ?"

"ఆయ్, బాగానే ఉన్నానండి." కాసేపు వల కేసి చూసి, "మీకు చెడ్డపేరు తెచ్చానండి. క్షమించాలి" అన్నారు.

"నాకా?"

"నలభై నిమిషాలు కూర్చోబెట్టి అడిగారు. ఒక్కటీ వదలొద్దని మరీ అడిగారు. కుక్క సంగతి చెప్పడం గుర్తుందండి, బీడీ సంగతి చెప్పడం గుర్తుందండి, బూర మాత్రం చెప్పలేదంటండి. మొదట్లో చెప్పాననే అనుకున్నానండి. ఇంజినీరు గారు కాగితం చూపించారు. అందులో లేదండి. యంత్రం అబద్ధమాడదు కదండి. నాకే మతి పోతోందేమోనని భయంగా ఉందండి. నిన్న మా ఆవిణ్ణి అడిగానండి, ఇంకేం మరిచిపోతున్నానే అని."

నోరు తెరిచాను. ఆయన భార్య వెనకనుంచి గ్లాసుతో నిమ్మరసం తెచ్చింది. అది తాగుతూ, ఆయనకి నిజంగానే మతిమరుపు వచ్చి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అలా అనుకోగలిగాను నేను.

వీధి చివర వరహాలమ్మ గారిని చూడ్డానికి ఆయనే తీసుకెళ్ళారు. మంచం మీదనుంచి ఆవిడ ఆయన్ని చూడగానే, "ఒరే నూకరాజా, నీ మొహం అలా పెట్టుకుని నా ఇంటికి రాకురా, పోయిందాన్ని కాదు కదా నేను!" అని కేకలేసింది. తర్వాత నాతో, "బూర మోగలేదు కదా అని దిగానమ్మా. కాపరానికి వచ్చిన కాణ్ణించీ అంతే. మోగితే ఎక్కేస్తాం, మోగకపోతే దిగుతాం. వాళ్ళ నాన్నా మరిచిపోలేదు, వీడూ ఏనాడూ మరిచిపోలేదు. ఏమైందో వీడికి" అంది.

నేను ఏమీ చెప్పకుండానే బస్సెక్కాను. కొత్త దంపతులని నూకరాజు గారు ఒక సంచీ నిండా కనకాంబరాలు, నాలుగు దోసకాయలు ఒళ్ళో పెట్టారు. కాకినాడ దాకా ఆ సంచీ కింద పెట్టలేకపోయాను, పట్టుకోనూ లేకపోయాను.

ఇంటికొచ్చేసరికి ఆయన వంటింట్లో ఉన్నారు. "దోసకాయలా! పప్పులో వేద్దాం. విజిల్స్ నువ్వు లెక్కపెట్టు, ఇవాళ నేను చెఫ్‌ని" అన్నారు.

"సుధీంద్రా" అన్నాను.

పేరు పెట్టి పిలవమని పెళ్ళినాటినుంచి బతిమాలుతున్నారు. ఒక్కసారీ పిలవలేదు నేను. ఆయన స్టవ్ ఆపేసి వచ్చి నేల మీద నా ఎదురుగా కూర్చున్నారు.

అంతా చెప్పాను. గమనికలు, మీట, సంతకం, మేడమ్‌తో ఆడిన అబద్ధం. పునుగుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ సాయంత్రాన్ని ఆయనకైనా మిగల్చాలనిపించింది. కానీ సగం దాచి చెప్పడం మళ్ళీ అదే మీట నొక్కడమే కదా. అదీ చెప్పేశాను.

"అంటే నేను రెండు నిమిషాలని తొందరపెట్టకపోతే..." అన్నారు ఆయన.

"నువ్వు పునుగులు తెచ్చావు. సంతకం పెట్టింది నేను."

"నువ్వు అంటున్నావే నన్ను" అని నవ్వబోయి, నవ్వలేక నా చేతిలో సంచీ తీసుకుని కింద పెట్టారు. "ఆయన గొంతు రికార్డింగ్ ఉందా?"

"ఉంది."

"మరి నా దగ్గర కూర్చున్నావేం? మేడమ్‌కి ఫోన్ చెయ్యి."

మేడమ్ విన్నారు. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. నేను ముగించాక, "నువ్వు చదవకుండా పెట్టావు. నీ సంతకం చూసి నేను చదవకుండా పెట్టాను" అన్నారు. తర్వాత మెల్లగా, "ఆర్డరు ఆగిపోతుంది ప్రసూనా. నిన్ను ఉంచుతారో లేదో నేను చెప్పలేను. నన్నూ ఉంచకపోవచ్చు."

"తెలుసు మేడమ్."

"ఆ రెండో కంపైలర్, మనం నాలుగు మార్కులు వేసింది. బూర గురించి అదేమైనా అన్నదా?"

ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. నలభై ఆరో ప్రశ్న. కింద నా జవాబు: తర్వాత చెబుతాను. పైన అది అడిగింది చదివి వినిపించాను.

"'ఈ బూర ఎవరు వినాలి? వాళ్ళు విన్నారని నాకెలా తెలుస్తుంది?'"

"ఆ ప్రశ్న కూడా అచ్చు తీసుకురా. నేను నేరుగా విచారణకి వస్తాను" అని మేడమ్ ఫోన్ పెట్టేశారు.

విచారణ రేపు పదింటికి, లాకు ఆఫీసులో, ఆ అద్దాల పెట్టె ఉన్న గదిలోనే. ఆయన కూడా తను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టారు. రేపు ఏడింటి బస్సుకి బయలుదేరతాం. అధికారుల దగ్గరికి వెళ్ళే ముందే నూకరాజు గారి అరుగు మీద కూర్చుని, ఆయన ఆ రోజు చెప్పిందంతా ఆయనకి వినిపిస్తాను. దండంతో సహా, కుక్కతో సహా, చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదిన బూరతో సహా. వెనకాల నా నవ్వుతో సహా.